రెండో అర్థం

జనవరి 9

లారీ మామయ్యకి,

నీ పిచ్చుక నమస్కారాలు. అత్తయ్యకి వేరేగా రాయడం లేదు. ఎలాగూ నీకంటే ముందు కవరు చించేది తనే.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అంటావా? ముప్పై ఏళ్లు లారీ ఇంజను పక్కన కూర్చున్న చెవులు నీవి. ఫోనులో సగమే వినపడుతుంది, మిగతా సగం నీకు నచ్చినట్టు పూరించుకుంటావు. ఇప్పుడు నేనడిగేది అలా పూరించుకునే విషయం కాదు, ఆఫీసు పని.

మా నిఘంటువు ఆఫీసులో ఈ ఏడాది నాకొక క్రియ అప్పజెప్పారు. ఒక్కటే. లాటిన్ భాషలో ‘ఫెర్రె’. మోయడం అని అర్థం. ‘ఒక్క మాటకి ఒక మనిషికి ఏడాది పొడుగునా జీతమా’ అనకు. దాని పిల్లలు ఎక్కడెక్కడ కాపురాలు చేస్తున్నారో చూడు. ట్రాన్స్‌ఫర్ అంటే అవతలికి మోయడం. ఆఫర్ అంటే మోసుకొచ్చి ఎదురుగా పెట్టడం. సఫర్ అంటే కింద ఉండి మోయడం, అంటే బాధపడటం. రోజూ మన నోట్లో నలిగే ఈ మాటలన్నీ ఆ ఇంటివే.

అంతేకాదు, లాటిన్‌కీ సంస్కృతానికీ పూర్వీకులు ఒకరే. అక్కడ ‘ఫ’ ఉన్నచోట ఇక్కడ ‘భ’ ఉంటుంది. భారం, భరించడం, ఆభరణం, భర్త, భార్య... వీళ్లంతా ఫెర్రెకి పినతల్లి పిల్లలు. భర్త అంటే మోసేవాడు. ఇది మా ఆయనకి చెబితే, ‘నేను లిఫ్టు మెకానిక్‌ని. మా వృత్తిలో మోసేది మిషను’ అన్నాడు.

పుస్తకాలు చూసి మోసేవాళ్ల గురించి రాయడం నాకే సిగ్గుగా ఉంది. మాకున్నది మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది, నాలుగు వందల పన్నెండు చెక్క డ్రాయర్లు, వాటినిండా ఒక్కో మాట రాసిన కార్డులు, ఆ కార్డుల దుమ్ముకి రోజంతా తుమ్మే ఎడిటరుగారు. మాలో ఎవరమూ కుర్చీ కన్నా బరువైనది ఎత్తి ఎరగం. ఇళ్ల సామాన్లు మోసి మోసి అరిగినవాడివి నువ్వు. మీరు మెట్ల మీద అరిచే మాటలన్నీ నాకు రాసి పంపు. అచ్చులో లేనివైతే మరీ మంచిది.

నీ ఆరోగ్యం ఎలా ఉందో రాయి. అత్తయ్య మోకాలు సంగతి కూడా.

కార్డుల మధ్య నుంచి,
పిచ్చుక


జనవరి 21

పిచ్చుకా, చల్లగా ఉండు.

నీ ఉత్తరం అత్తయ్య వంటింట్లోంచే గట్టిగా చదివి వినిపించింది. ‘భర్త అంటే మోసేవాడు’ అన్నచోట ఆగి, గరిటె పట్టుకుని బయటికొచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ‘ఎవరు ఎవర్ని మోస్తున్నారో ఆ లాటిన్ వాళ్లనొకసారి మనింటికొచ్చి చూసి రాసుకోమను’ అంది.

సఫర్ అంటే కింద ఉండి మోయడమా? ఆ మాట కట్టినవాడెవడో బీరువా మోసినవాడే. మెట్ల మీద పైన పట్టుకున్నవాడికి వెనక్కి నడవడమే కష్టం. బరువంతా కింది మెట్టు మనిషి మీదే ఉంటుంది.

మాటలు రాసుకో. మొదట ‘పట్టు’. పట్టు అంటే చేతులు వేయడమే, లేపకూడదు. ‘లేపు’ అంటే అందరూ ఒకేసారి. మలుపులో ‘తల తిప్పు’. బీరువాకీ తల ఉంటుంది, సోఫాకీ ఉంటుంది, ఫ్రిజ్‌కి మాత్రం ఉండదు, ఎందుకో అడక్కు. ‘ఊపిరి’ అంటే మెట్టు మీద ఆనించి ఆగమని. ఆఖరిది ‘దింపు’. ఈ మాట ఒక్కడే అనాలి. ఇద్దరు అన్నారంటే ఎవడివో వేళ్లు పోతాయి. మా దగ్గర ముప్పై ఏళ్లుగా ఆ మాట నాదే.

ఒకసారి ఒకాయన బీరువా నాలుగో అంతస్తుకి మోశాం. నలుగురం మోస్తున్నా కదలదు. మూడుసార్లు ఊపిరి అన్నాను. పైకెళ్లి తెరిస్తే లోపల ఇనప డంబెల్స్, రెండు వరసలు! ఆయనేమో ఉత్తి చేతులతో మా వెనకే ఎక్కొచ్చి, ‘అబ్బ, ఈ మెట్లు ఆయాసం తెప్పిస్తాయండీ’ అన్నాడు. మా బక్కాయన, అదే, పాతికేళ్లుగా నాతో ఉన్న డ్రైవరు, ఆయనకి తన తుండుగుడ్డ అందించాడు. ఈ సంగతి కార్డు మీద ఎక్కించకు.

ఫెర్రీ అని పడవ ఉందే, అది మీ ఫెర్రె బిడ్డేనా? మన ‘బరువు’ సంగతేమిటి?

గీతలు వంకర పోయాయంటే ఏమీ అనుకోకు. పడుకుని రాస్తున్నాను. ఎండ బాగుందని మంచం కిటికీ దగ్గరికి జరిపించాను.

అత్తయ్య మోయగా మిగిలిన
మీ లారీ మామయ్య


ఫిబ్రవరి 4

మామయ్యా,

నీ మాటలు పదకొండు కార్డులెక్కాయి. ‘ఫ్రిజ్‌కి తల ఉండదు’ అన్నది చదివి ఎడిటరుగారు నవ్వుతూ తుమ్మారు, తుమ్ముతూ నవ్వారు. మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది.

ఫెర్రీకి మన ఫెర్రెతో చుట్టరికం లేదు. అది ‘వెళ్లడం’ అనే వేరే ఇంటి మాట. ముక్కు ఒకేలా ఉన్నంతమాత్రాన అన్నదమ్ములైపోరు. బరువు అనే మాట భారం నుంచి వచ్చిందో, మన సొంతమో నేనింకా తేల్చుకోలేదు. పట్టు, లేపు, దింపు మాత్రం అచ్చంగా మనవి. ఏ లాటిన్‌కీ రుణపడినవి కావు.

ఈ క్రియలో ఒక వింత ఉంది. ‘మోస్తాను’ అనడానికి ఫెరో. ‘మోశాను’ అనడానికి తులీ! ఎక్కడి ఫె, ఎక్కడి తు? పని జరుగుతున్నప్పుడు ఒక ధాతువు, అయిపోయాక ఇంకో ధాతువు. ఆ రెండోది మనం త్రాసుని ‘తుల’ అంటామే, దాని చుట్టం. అంటే ఆ రెండు ధాతువులూ మన ‘తులాభారం’లో పక్కపక్కనే కూర్చుని ఉన్నాయన్నమాట. ఇది నిన్న బస్సులో తట్టింది. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాను.

అర్థాలు నాలుగు కట్టాం. మోయడం, కనడం, ఓర్చుకోవడం, కబురు తేవడం.

ఇక నా సంగతి. మొదటిది అయిపోయింది. సోమవారం నుంచి రెండోది మొదలైంది. కనడం. ఇంగ్లీషులో మోయడానికీ కనడానికీ ‘బేర్’ అని ఒకే మాట. పొద్దున లేచింది మొదలు దాంతోనే ఉన్నాను. తల తిరుగుతోంది, అన్నం సహించడం లేదు. తొమ్మిది నెలలు పట్టేట్టుంది. మా ఆయన మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు, ఈ మధ్య నేను ఇంట్లో సతాయించడం లేదట.

అత్తయ్య మోకాలు గురించి అడిగితే నువ్వు ఫ్రిజ్ గురించి రాశావు. ఈసారైనా రాయి.

తల తిరుగుతున్న
పిచ్చుక


ఫిబ్రవరి 16

మా బంగారు పిచ్చుకకి,

ఇంత పెద్ద కబురు లాటిన్ మధ్యలో కుక్కి పంపుతావా?

అత్తయ్య చదివేటప్పుడు లాటిన్ తగిలిన చోటల్లా దాటేస్తుంది. అలా దాటుకుంటూ పోయి ‘కనడం’ దగ్గర ఆగింది. తల తిరుగుతోంది, అన్నం సహించడం లేదు, తొమ్మిది నెలలు... మూడుసార్లు చదివి, ఉత్తరం నా మొహాన పడేసి వీధిలోకి పరిగెత్తింది. మోకాలు గురించి అడిగావుగా, బాగానే ఉందని ఆ రోజు తెలిసింది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఎనిమిదిళ్ల వాళ్లకి తెలిసిపోయింది. పోస్టుమాన్ నోట్లో మిఠాయి కుక్కింది. పాపం ఆయనకి షుగరు.

పెళ్లయి ఎనిమిదేళ్లు. మేమెప్పుడైనా ఒక్కమాట అడిగామా? అడక్కూడదని అత్తయ్య నా నోరు కుట్టేసింది. ఇప్పుడు విప్పింది, కాబట్టి చెబుతున్నా. బిందె ఎత్తకు. డ్రాయరు లాగకు. నిఘంటువు అసలే ముట్టుకోకు. ఎవరైనా ‘పట్టు’ అంటే చేతులు వెనక్కి పెట్టుకో.

ఒక్క సంగతి. ‘మొదటిది అయిపోయింది’ అని రాశావు. ఆ మొదటి సంగతి మాకు తెలియదు. అత్తయ్య వీధిలోంచి వచ్చాక ఆ వాక్యం మళ్లీ చదివి, చాలాసేపు గుమ్మంలో కూర్చుండిపోయింది. ఎప్పుడమ్మా అది? మీ అమ్మ పోయాక నీకు మేం లేమా? తిడదామనే పెన్ను తీశాను గానీ సాగలేదు.

పాత టేకు పెట్టెల చెక్క దాచి ఉంచాను. వడ్రంగిని మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఉయ్యాల చేయించాను. కొలతలు నావి, నగిషీ ఆయనది. ఇరవై రెండున బక్కాయన లారీ మీవైపు వస్తోంది, అందులో వేసి పంపుతున్నాను. దాన్ని నువ్వు దింపుకోకు. అల్లుణ్ని దింపమను.

నీ
మామయ్య, అత్తయ్య


ఫిబ్రవరి 28

మామయ్యా, అత్తయ్యా,

ఇద్దరూ కూర్చుని చదవండి. లాటిన్ వచ్చినచోట కూడా దాటేయకుండా చదవండి.

రెండోది అంటే రెండో అర్థం. ఫెర్రెకి కట్టిన నాలుగు అర్థాల్లో రెండోది. ‘కనడం’ మీద కార్డులు రాస్తున్నాను. తల తిరిగింది చిన్నచిన్న అక్షరాల వల్ల. అన్నం సహించనిది మా క్యాంటీను వంట వల్ల. తొమ్మిది నెలలన్నది ఎడిటరుగారి అంచనా. నా కడుపులో ఏమీ లేదు.

ఉయ్యాల వచ్చినప్పుడు మా ఆయన తలుపు తీశాడు. బక్కాయన ‘శుభం బాబూ’ అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా ఆయన నావైపు తిరిగి, ‘నాకెప్పుడు చెబుదామనుకున్నావు?’ అన్నాడు. మొహం చాటంత చేసుకుని! అప్పుడు మీ ఉత్తరం చూపించాను. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. పక్కింటివాళ్లు గోడ కొట్టేదాకా నవ్వాం. ఆ తర్వాత నేను ఏడ్చాను.

ఎందుకంటే మామయ్యా, నువ్వు తప్పు చదివావు గానీ తప్పు అడగలేదు. మొదటిది ఉండేది. నాలుగేళ్ల కిందట, మూడో నెలలో పోయింది. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు నీకు ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు చింపేశాను. ఆఖరికి పంపినదాంట్లో వానల గురించీ, కొత్తగా కొన్న గొడుగు గురించీ రాశాను. నీకు గుర్తుండదులే. అత్తయ్య సంతోషం ఇలా లాగేసుకోవడం నాకు చాలా బాధగా ఉంది. వీధిలో వాళ్లకి ఏం చెబుతుంది? ఉయ్యాల తిరిగి పంపమంటే పంపిస్తాను.

ఇంకో సంగతి, ఇది నిజంగా అవసరం. మా ఆఫీసు ఖాళీ చేయమన్నారు. కొత్త చోటు ఊరికి అవతలి వైపు. ఏప్రిల్ ముప్పై దాటాక ఇక్కడ మిగిలినదంతా చిత్తు కాగితాల కింద అమ్మేస్తారట. మొన్న సామాన్లు మోసే ఇద్దరు వచ్చారు. ఎలా మోస్తారో చూపించమంటే ఒక డ్రాయరు లాగారు, మెట్ల మీద జారవిడిచారు. ‘మ’తో మొదలయ్యే మాటలు మూడంతస్తులు దొర్లాయి. ఏరి వరసలో పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎడిటరుగారు ఆ రోజంతా ఒక్కసారి కూడా తుమ్మలేదు, అంత భయపడ్డారు. మామయ్యా, నువ్వు రా. నువ్వొచ్చి నిలబడితే చాలు.

నీ పిచ్చుక


మార్చి 9

పిచ్చుకా,

చదివాం. దాటేయకుండా చదివాం.

గొడుగు ఉత్తరం గుర్తుంది. నీలం గొడుగు, పిడి కొంగమెడలా వంగి ఉందని రాశావు. అత్తయ్య దాన్ని పెట్టెలోంచి వెతికి తీసి మళ్లీ చదివింది. ‘గొడుగు గురించి ఇంత పొడుగు ఎందుకు రాసిందా అని నేనప్పుడే అనుకోవాల్సింది’ అంది. వీధి సంగతి నువ్వు పట్టించుకోకు. ‘మా ఆయన చెవుల్లాగే నా కళ్లు కూడా పోయాయి’ అని అందరికీ చెప్పేసింది. మిఠాయి తిరిగి ఇమ్మని ఎవర్నీ అడగలేదు. ఉయ్యాల వెనక్కి పంపితే మాత్రం గొడవే.

ఆఫీసు తరలింపుకి నేను రాలేను. లారీలకి తీరిక లేదు. ఎలా చేయాలో రాస్తాను, ఇక్కడి నుంచే. అట్టపెట్టెలు వద్దు, డ్రాయర్లు డ్రాయర్లుగానే కదలాలి. కార్డులు వదులుగా ఉన్న దాంట్లో చెక్కముక్క బిగించండి. పైన గుడ్డ కప్పి నిలువునా కట్టండి. డ్రాయరుకీ, అది దూరే గూటికీ ఒకే అంకె రాయండి. లారీలో ఆఖర్న ఎక్కింది ముందు దిగుతుంది, కాబట్టి వెనక అంకె నుంచి మొదలుపెట్టండి. ఇంతే. తెలిసినవాళ్లనెవరినైనా పెట్టుకోండి.

మామయ్య

పిచ్చుకా, అత్తయ్యని. నీకెప్పుడైనా రాయాలనిపిస్తే నా పేరు మీద రాయి. చదివి చింపేస్తాను. నీ మామయ్యకి కూడా చెప్పను.


మార్చి 16

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ సలహాలు అందాయి. కృతజ్ఞతలు. మీ లారీలకి తీరిక లేనప్పుడు ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. మీ మనసు నొప్పించానని తెలుసు. వేరే మనుషుల కోసం చూస్తున్నాం.

అత్తయ్యగారికి నమస్కారాలు.


మార్చి 18

మామయ్యా,

మొన్నటి ఉత్తరం పొయ్యిలో పెట్టు. ఇప్పుడు అసలు ఉత్తరం రాస్తున్నాను, మంచం మీద సరిగ్గా పడుకుని చదువు. పడుకునే ఉంటావని తెలిసిందిలే.

నిన్న బక్కాయన ఇటు లోడు దింపి, ‘అమ్మాయిని చూసి పోదామని’ వచ్చాడు. టీ ఇచ్చాను. ‘అయ్యగారి నడుం ఎట్లా ఉందని రాశారమ్మా? కొత్త బెల్టు పనిచేస్తోందా?’ అన్నాడు. ‘ఏ నడుం? ఏ బెల్టు?’ అన్నాను. ఆయన టీ కప్పు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, ‘నేను వెళ్లొస్తానమ్మా’ అన్నాడు. తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. మా ఆయన ఇంకో అరకప్పు టీ పోశాడు. అంతా బయటికొచ్చింది.

నవంబరు నుంచా? నాలుగు నెలలు! ‘ఎండ బాగుందని మంచం జరిపించాను’ట! మీ అమ్మ పోయాక నీకు మేం లేమా అని నన్నడిగావు. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అదే మాట ఇప్పుడు నేనడుగుతున్నాను. అక్కని పోగొట్టుకున్నాక నీకు నేను లేనా?

నువ్వు కోపంతో రానన్నావనుకున్నాను. ఉయ్యాల వృథా చేశానని మనసులో పెట్టుకున్నావనుకున్నాను. ‘మీరు’ అని రాసి, కవరు అంటించి, నా చేత్తోనే డబ్బాలో వేశాను. ఇప్పుడు ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇక విను. నీ నడుం నాకక్కర్లేదు, అది ఇంట్లో పెట్టి రా. నీ కళ్లూ గొంతూ చాలు. ఇక్కడ మంచి కుర్చీ ఉంది. ‘దింపు’ అనే మాట ఒక్కడే అనాలని నువ్వే రాశావు. ఆ ఒక్కడు మా దగ్గర లేడు.

పిచ్చుక


మార్చి 27

పిచ్చుకా,

‘మీరు’ అని చూడగానే కవరు తిప్పి చూశాను, వేరే ఇంటి ఉత్తరం పొరపాటున వచ్చిందేమోనని. మర్నాడు రెండోది వచ్చి తిట్టాక గానీ అన్నం దిగలేదు. మా బక్కాయన నీ నాలుగో అర్థంలో మోశాడన్నమాట, కబురు!

సరే, చెబుతాను. రెండో అంతస్తు, బీరువా. నేను కింది మెట్టు మీద ఉన్నాను. పైన పట్టుకున్నవాడి చెప్పు తెగింది. వదిలేసి పక్కకి తప్పుకుంటే బీరువా ఒక్కటే పోయేది. కానీ ఆ ఇంటి ముసలావిడ చేతిలో పూలకుండీతో నా వెనకే ఎక్కుతోంది. అందుకని వదల్లేదు. నడుములో టప్ మని చప్పుడైంది. ‘ఏమైంది నాయనా?’ అని అడిగింది ఆవిడ. ‘ఏం లేదమ్మా, గోడకి తగిలింది’ అన్నాను.

టీ కెటిల్ కన్నా బరువైనది ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఖాళీ కెటిలా, నిండు కెటిలా అని అత్తయ్య అడిగింది. ఖాళీదే అన్నాడు. అప్పటినుంచి నేనే ఇంట్లో ఒక బీరువాని. పొద్దున అత్తయ్య కిటికీ దగ్గరికి జరుపుతుంది, ఎండ పోయాక గోడ దగ్గరికి జరుపుతుంది. ముప్పై ఏళ్లు ఊరందరి సామాను మోసినవాణ్ని, ‘నన్ను లేపండి’ అని నీకెట్లా రాయను? నువ్వు మాటలడిగావు. కనీసం మాటలైనా పంపగలిగాను కదా అని ఆ రోజు ఎంత సంబరపడ్డానో నీకు తెలియదు.

వస్తాం. అత్తయ్య కూడా వస్తుంది, నన్ను తేవడానికి మనిషి కావాలిగా. ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాను. మెట్ల వెడల్పు, మలుపు దగ్గర గోడ నుంచి కటకటాల దూరం, డ్రాయరు పొడవు కొలిచి పంపు. అంగుళాల్లో పంపు, ‘సుమారు’ అని రాయకు. కుర్చీకి చేతులుండాలి.

అల్లుడికి చెప్పు, లిఫ్టు ఊసు నా దగ్గర ఎత్తొద్దని.

బెల్టు కట్టుకున్న
మామయ్య


మే 5

మామయ్యా,

మీరిద్దరూ వెళ్లి అయిదు రోజులైంది, ఇల్లు బోసిగా ఉంది. క్షేమంగా చేరామన్న ఒక్క ముక్క కూడా రాయలేదు, నేనే మొదలుపెడుతున్నాను.

నువ్వు కుర్చీలోంచి చూడనివి కొన్ని ఉన్నాయి, చెబుతాను. నువ్వు రెండో అంతస్తు మలుపులో కూర్చుని ‘పట్టు’ అన్నప్పుడు, పైన మేం ఎనిమిదిమందిమీ మొదటి డ్రాయరు చుట్టూ గడ్డకట్టుకుపోయాం. ఎవరు ముందు ముట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు ఎడిటరుగారు చొక్కా చేతులు మడిచి, ‘ఇవతలకి జరగండి. దీంట్లో కార్డులు నేను ఉద్యోగంలో చేరిన ఏడాది రాసినవి’ అని పట్టుకున్నారు. నువ్వు కిందినుంచి ‘ఆ తెల్లచొక్కా, వీపు నిటారుగా!’ అని అరిచావు. ఆయన మీద అలా అరిచినవాళ్లు ముప్పై ఏళ్లలో ఎవరూ లేరు. ఆయన నిటారుగా నిలబడ్డారు. ఇప్పటికీ అలాగే నడుస్తున్నారు.

మా ఆయన బాధ ఇంకా తీరలేదు. మా ఆఫీసులో పదకొండేళ్లుగా మూలబడ్డ లిఫ్టుని రెండు సాయంత్రాలు కూర్చుని బాగుచేశాడు. నువ్వు ఒక్క డ్రాయరు కూడా అందులో పెట్టనివ్వలేదు. పోనీ అని ఎడిటరుగారు మర్యాదకి ఎక్కారు, అది అంతస్తుల మధ్య ఆగింది, ఒకటో అంతస్తూ కాదు, రెండోదీ కాదు. ఇరవై నిమిషాలు. లోపల్నుంచి తుమ్ములు వినపడుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరం కంగారుపడలేదు. నువ్వు ఒక్కమాట అనలేదు. అదే మా ఆయనకి ఎక్కువ బాధగా ఉందట.

నాలుగు వందల పన్నెండూ చేరాయి. నిన్న గూళ్లతో సరిచూశాను. ఒక్క కార్డు కూడా చోటు తప్పలేదు.

కొత్త గదిలో నీ గొంతు ఇంకా వినిపిస్తోందని అందరూ అంటున్నారు. ‘దింపు’ కార్డు మీద ప్రయోగం ఎక్కడిదో రాయాలి కదా, ఏ పుస్తకం, ఏ పేజీ అని. నేను ఖాళీ వదిలాను. ఎడిటరుగారు తనే పెన్ను తీసుకుని రాశారు: ‘లారీ మామయ్య, రెండో అంతస్తు మలుపు, స్వయంగా విన్నది.’ అలాంటి ఆధారం మా నిఘంటువులో ఇదే మొదటిది.

అత్తయ్య గురించి ఒకటి చెప్పాలి. ఉయ్యాల మా పడగ్గదిలో మూలన ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక, మా ఆయన ఇస్త్రీ చేయని చొక్కాలు అందులో పడేస్తూ వచ్చాడు. మీరు వచ్చినరోజు అత్తయ్య ఆ గదిలోకి వెళ్లింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వెళ్లి చూస్తే, మంచం మీద కూర్చుని ఆ చొక్కాలు ఒక్కొక్కటే మడతపెడుతోంది. అన్నీ మడిచి, మళ్లీ ఉయ్యాలలోనే పెట్టింది. ‘చెక్క మంచిది, పురుగు పట్టదు’ అంది. అంతే. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో నీకు చెప్పదట.

కుర్చీ ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు మేం. తమాషాకి కాదు, నువ్వు వెళ్లేటప్పుడు దాని చెయ్యి విరగ్గొట్టి వెళ్లావు.

ప్రేమతో
పిచ్చుక


మే 19

పిచ్చుకా,

చేరాం. ఉత్తరం రాయకపోవడం తప్పే. తీరిక లేదు. ఈసారి నిజంగానే లేదు.

మీ ఎడిటరుగారు ఎవరికేం చెప్పారో గానీ, వారంలో మూడు కబుర్లు వచ్చాయి. ఒకటి గాజు సామాను కొట్టు. ఒకటి కాలేజీ ప్రయోగశాల, సీసాల్లో ఏవో జీవులున్నాయి, కలిసిపోకూడదట. మూడోది పాత రేడియోలు పోగుచేసుకున్న ఒక పెద్దమనిషి. ముగ్గురూ అడిగింది ఒకటే, ‘మోయడానికి మా మనుషులున్నారు, మీరొచ్చి కూర్చుంటారా?’ అని. ముప్పై ఏళ్లు మోస్తే ఒక్కడు కూడా నన్ను ‘గారూ’ అనలేదు. కూర్చోగానే అంటున్నారు!

గాజు కొట్టు పని నిన్ననే అయింది. పగిలినవి రెండే. అవి కూడా ఓనరు చేతిలోవి. నడుముకి ఏమీ కాలేదు, గొంతు బొంగురుపోయింది. అత్తయ్య మిరియాల కషాయం ఇచ్చి, ‘ఇదివరకు నడుముకి తైలం రాసేదాన్ని, ఇప్పుడు గొంతుకి. ఎటు తిరిగినా పని నాదే’ అంది. కానీ పొద్దున మంచం జరపమని నేనడగడం లేదుగా, ఆ సంతోషం ఆవిడ మొహంలో కనిపిస్తోంది.

చిక్కల్లా బోర్డు దగ్గర వచ్చింది. ఇంటిముందు ‘సామాన్ల రవాణా’ అని ఉంది. ఇప్పుడు నేను చేసే పనికి పేరేమిటి? నీకు రాసి అడుగుదామన్నాను. ‘అడిగితే అది ఏడాది తీసుకుంటుంది, లాటిన్‌తో సహా రాస్తుంది’ అని అత్తయ్య ఆపింది. పెయింటరు నిచ్చెన మీద ఎదురుచూస్తున్నాడు. ఆవిడ వంటింట్లోంచి, ‘పేరెందుకు? కుర్చీ బొమ్మ వెయ్యమను’ అని కేకేసింది. వేశాడు. బాగా వేశాడు, రెండు చేతులతో సహా.

ఈ పొద్దున ఒకావిడ వచ్చి, బోర్డు చూశానండీ, భోజనాల బల్లకి ఆరు కుర్చీలు కావాలి అంది. లేవమ్మా, మేం కుర్చీలు అమ్మం అన్నాను. మరేం చేస్తారు అని అడిగింది. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మీ ఆఫీసు సంగతి మొదటి డ్రాయరు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ‘మ’ కార్డులు మెట్ల మీద దొర్లడం చెబుతుంటే అయ్యయ్యో అంది. ఎడిటరుగారు లిఫ్టులో తుమ్ముతుంటే నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. రెండుసార్లు టీ తాగింది.

వచ్చే నెల వాళ్లు ఇల్లు మారుతున్నారట. నన్ను రమ్మంది. నాకు కుర్చీ తనే తెచ్చి వేస్తానంది.

మామయ్య